రిజిస్టర్లో క్లీనర్, మెస్సులో వంటవాడు

బహ్రెయిన్‌లో నేను 1983 ఫిబ్రవరి 6న ఉద్యోగంలో చేరి 1999 జూన్ 30న దిగిపోయాను. పదహారేళ్ల నాలుగు నెలల ఇరవై అయిదు రోజులు. కంపెనీలకు పనివాళ్లను సరఫరా చేసే ఆఫీసు మాది. మనామాలో రెండు గదులు, తుబ్లీలో పనివాళ్లుండే క్యాంపు, రేవు దగ్గర మీనా సల్మాన్‌లో ఒక గోడౌను. నా హోదా పేరు పర్సొనెల్ క్లర్కు, అంటే సిబ్బంది కాగితాలు చూసే గుమాస్తా. తెలుగు తప్ప ఇంకో భాష రాని మనిషిని తీసుకొచ్చి, తెలుగు ఒక్క ముక్క రాని మనిషి కింద పనిలో నిలబెట్టడం, నేను నిజంగా చేసిన పని అది.

ఇప్పుడు మన ఊళ్లలోనే జపానుకు, జర్మనీకి మనుషుల్ని పంపే ఆఫీసులు వెలిశాయి. మా తోటికోడలి మనవరాలు అలాంటి ఆఫీసులో ఈ మధ్యే చేరింది. ఫారాలు, కంప్యూటర్లు దానికి నాకంటే బాగా తెలుసు. ఫారంలో పట్టని సంగతులు మాత్రం నేను చెప్పగలను. వాటిలో పెద్దది నేను చేసిన ఒక తప్పు. దాన్ని చెయ్యడానికి నలభై సెకన్లు పట్టింది. దిద్దడానికి సరిగ్గా అయిదు వారాలు పట్టింది.

ఎస్ సార్

ముందు ఒక చిన్న తప్పు చెప్పాలి. దాని నుంచే నాకొక నియమం పుట్టింది.

ఆ రోజుల్లో కంపెనీ ఇంజనీరు మా ఆఫీసుకు వచ్చి వరసలో నిలబడిన ఇరవై మందిలో ఎనిమిది మందిని ఏరుకునేవాడు. మనిషికి మూడు నిమిషాలు. మనవాళ్లకు ఇంగ్లీషు రాదు, అరబ్బీ రాదు. అందుకని నేను ముందుగా ఒక పాఠం చెప్పేదాన్ని. "ఏమడిగినా ఎస్ సార్ అనండి. నవ్వుతూ అనండి." అది బాగా పనిచేసేది. ఎంతమందిని ఆ ఒక్క మాటతో పనిలో పెట్టానో.

1985 ఆగస్టులో నిర్మల్ వైపు మనిషి ఒకతను వర్క్‌షాపులో పని చేస్తున్నాడు. గ్యాస్ సిలిండర్ మూసేశావా అని ఫోర్‌మన్ అడిగాడు. ప్రశ్న అతనికి అర్థం కాలేదు. నవ్వుతూ "ఎస్ సార్" అన్నాడు. మంట అంటుకుని ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. పంతొమ్మిది రోజులు సల్మానియా ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడి లాబ్‌లో మావారు పని చేసేవారు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "మీ ఎస్ సార్‌కి ఇవాళ కట్టు మార్చారు," అన్నారు. ఆయన కోపంగా కూడా అనలేదు.

అప్పటి నుంచి ఎవరికి ఏ భాష నేర్పినా మొదటి మాటగా "నాకు అర్థం కాలేదు" అన్నదే నేర్పాను. మనవాళ్లకు ఆ మాట అనాలంటే సిగ్గు. పని పోతుందని భయం. పదిసార్లు గట్టిగా అనిపించి గాని రెండో మాటకు పోయేదాన్ని కాదు.

మిగిలిపోయిన వీసాలు

సత్తిబాబు 1986 నవంబరు 18న వచ్చాడు. రాజోలు పక్క పల్లె. ముప్పై ఏళ్లు. పెళ్లిళ్లకు వంటలు చేసేవాడు. దానికి కాగితమంటూ ఏమీ ఉండదు, భోజనాలు బాగున్నాయని నలుగురూ చెప్పుకోవడమే.

గల్ఫ్‌లో వీసాలు పని పేరు మీద వస్తాయి. మేస్త్రీలకు ఇన్ని, క్లీనర్లకు ఇన్ని అని. మేస్త్రీ వీసాలు అయిపోయి క్లీనర్‌వి మిగిలితే, వాటి మీదే మేస్త్రీని తెచ్చేవాళ్లం. హెల్పర్ వీసా మీద డ్రైవర్లుండేవాళ్లు. అన్ని ఆఫీసులూ ఇలాగే చేసేవి, మేమూ చేశాం. ఆ నెల మా దగ్గర మిగిలినవి క్లీనర్ వీసాలు. సత్తిబాబు ఫారం నింపింది నేను.

అతను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఫారం మీద వేలు పెట్టి, "నేను వంటోడినండి మేడమ్ గారూ. ఇక్కడ ఇంకేదో రాసినట్టున్నారండి," అన్నాడు.

"రాసిందాంతో నీకేం పని? చెయ్యబోయేది వంటేగా."

"అంతేనంటారా?"

"అంతే."

"అలాగైతే సరేనండి. ఆయ్."

నాలుగున్నర నెలలు నిజంగానే క్యాంపులో బాత్రూములు కడిగాడు. పాత వంటవాడు సెలవు మీద వెళ్లి తిరిగి రాలేదు. 1987 ఏప్రిల్ 1 నుంచి తుబ్లీ క్యాంపు మెస్సులో పొయ్యి సత్తిబాబుది. క్యాంపులో సగం మంది జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లు, సగం మంది గోదావరి వాళ్లు. వాళ్లకు కారం చాలదు, వీళ్లకు పులుపు చాలదు. ఇద్దరికీ సరిపడే పులుసు ఒకటి కనిపెట్టాడు. నేను ప్రతి శుక్రవారం మనుషుల హాజరు చూడ్డానికి క్యాంపుకు వెళ్లి, అది తిని వచ్చేదాన్ని. ఇంటికి కూడా గిన్నెలో తెచ్చుకునేదాన్ని.

తొంభై ఆరు మాటలు

1995 చివర్లో మీనా సల్మాన్‌లోని ఒక వర్క్‌షాపుకు యంత్రాలు బిగించడానికి ఏడుగురు జపాను ఇంజనీర్లు వచ్చారు. వాళ్ల కింద పనిచేసింది మా మనుషులే. మధ్యాహ్నం భోజనం మా మెస్సు నుంచే వెళ్లేది. వాళ్లలో పెద్దాయన నకానో. ఏడాది తిరిగేసరికి ఆయన డబ్బాలో చల్ల మిరపకాయలు లేకపోతే కబురు పెట్టేవాడు.

ఆయన చిన్ననాటి స్నేహితుడు నగోయాలో ఇండియా భోజనం పెట్టే హోటలు తెరుస్తున్నాడు. వంటవాడు కావాలి. నకానో సత్తిబాబు పేరు చెప్పాడు. హోటలాయన 1997 ఫిబ్రవరిలో బహ్రెయిన్ వచ్చి, సత్తిబాబుకీ, మనామాలో ఒక హోటల్లో చేసే ఇంకో వంటవాడికీ పరీక్ష పెడతానన్నాడు. ఇద్దరిలో ఒక్కడికే పని.

నా దగ్గరకు వచ్చి, "నాకు జపాను మాటలు నేర్పాలండి," అన్నాడు సత్తిబాబు.

"నాకు మాత్రం వచ్చా?"

"మీకు ఇంగ్లీషొచ్చు కదండి. నకానో గారిని మీరడిగి రాసుకోండి. నాకు చెప్పండి."

అలా రాసుకున్నవి తొంభై ఆరు మాటలు, తెలుగు లిపిలో, గీతల నోటుబుక్కులో. అయిదు శుక్రవారాలు క్యాంపులో పాఠం చెప్పాను. మొదటి మాట "వకరిమాసెన్", అంటే అర్థం కాలేదని. పక్కనే గంగారాం కూర్చునేవాడు. జగిత్యాల వైపు మేస్త్రీ. ఇటుక పెట్టడంలో అతనంత తిన్నని గీత మా దగ్గర ఇంకెవరికీ రాదు. నోటికి మాత్రం తిన్నదనం లేదు.

"ఏం సత్తన్నా, జపానోల్లు పచ్చి చాపలు తింటరట. నీకు పొయ్యితోని పనే లేదు గద. గాడికి పొయ్యి ఏం జేస్తవు?"

"అందుకేరా బాబూ నన్ను పిలుత్తున్నారు. ఆళ్ల ఊళ్లో పొయ్యి ఎలిగించేవోడే లేడంట."

"మంచిగుంది. దుబాయిల మాకు బువ్వెవ్వడు పెడ్తడు మల్ల?" గల్ఫంతా గంగారాంకు దుబాయే.

"నువ్వే ఒండుకో. ఇటికలు ఉడకేసుకో."

నవ్వులు అయ్యాక ఒకసారి, జపాను ఎందుకంత పట్టుదల అని అడిగాను. జూన్ 30తో మా సైటు కాంట్రాక్టు అయిపోతుంది, క్యాంపు ఎత్తేస్తారు, మిగతావాళ్లకు వేరే సైట్లు ఉన్నాయి గానీ నలభై దాటిన వంటవాణ్ని ఏ హోటలూ తీసుకోదు. ఇవన్నీ నాకు తెలుసు. అతను మాత్రం మెడలోని కార్డు తీసి చూపించాడు. "పదేళ్ల నుంచీ దీని మీద క్లీనరండి. ఒక్క కాయితం మీదన్నా వంటోడినని ఉండాలండి. ఆ హోటలాయన అలాగే రాత్తారంట."

పరీక్ష రోజు నేను కుర్చీ వేసుకుని ఒక మూల కూర్చున్నాను. హోటలాయన జపానులోనే చెప్పాడు. పక్కన నకానో ఉన్నా దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పలేదు. మొదట వండిన మనామా వంటవాడు చక్కని మనిషి, తెల్లటి కోటు, మంచి ఇంగ్లీషు. ప్రతి మాటకీ వాళ్ల భాషలో "హై, హై", అంటే అవునవునంటూ తలూపాడు. తర్వాత తనకు తోచింది వండాడు. అది రుచిగానే ఉంది. కారం సగమే వెయ్యమన్నారని నకానో తర్వాత చెప్పాడు, అతను రెట్టింపు వేశాడు.

సత్తిబాబు గరిటె కింద పెట్టి "వకరిమాసెన్" అన్నాడు. హోటలాయన మళ్లీ చెప్పాడు. మళ్లీ "వకరిమాసెన్". నాలుగుసార్లు. అయిదోసారి ఆయన లేచి వచ్చి మిరపకాయలు చేత్తో రెండు కుప్పలు చేసి ఒకటి అవతలకు నెట్టాడు. "ఆ, అదా!" అన్నాడు సత్తిబాబు తెలుగులోనే. తొంభై ఆరు మాటల్లో ఆ పూట వాడినవి తొమ్మిది. నేను లెక్కపెట్టాను.

హోటలాయన సత్తిబాబును తీసుకున్నాడు. ఎందుకని నకానోను అడిగితే, "నా స్నేహితుడు అన్నీ అర్థమయ్యాయన్నవాణ్ని చూసి భయపడ్డాడు," అన్నాడు.

ఇక ఒక్క షరతు మిగిలింది. విదేశీ వంటవాడికి అనుమతి రావాలంటే పదేళ్లు వంట చేసినట్టు కాగితం చూపాలని నకానో చెప్పాడు. సెలవులు తీసెయ్యక్కర్లేదట. 1987 ఏప్రిల్ 1 నుంచి 1997 మార్చి 31 వరకు పదేళ్లు. ఒక్క రోజు ఎక్కువా లేదు, తక్కువా లేదు. సైటు మేనేజరు ఏప్రిల్ 10న వంటవాడని సర్టిఫికెట్ రాసిచ్చాడు. ఆ సంగతి ఆఫీసులో నాకెవరూ చెప్పలేదు.

నలభై సెకన్లు

1997 మే 13, మంగళవారం, ఉదయం తొమ్మిదీ ఇరవై. ఫోను మోగింది. జపాను నుంచి, దరఖాస్తు కాగితాలు సరిచూసే ఒకావిడ. పుస్తకం చూసి చదువుతున్నట్టు నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడింది. సత్తిబాబు పాస్‌పోర్టులోని పూర్తి పేరు చెప్పి, ఈయన మీ దగ్గర పని చేస్తున్నారా అని అడిగింది.

"చేస్తున్నారు."

"ఏ ఉద్యోగం?"

ఎవరి గురించి అడుగుతోందో నాకు తెలుసు. నాలుగు రోజుల క్రితం అతని చేతి పులిహోర తిన్నాను. కానీ నా చెయ్యి అప్పటికే రిజిస్టరు మీదకు వెళ్లింది. ఫైలు నంబరు 214. వేలు గడి మీద ఆగింది.

"క్లీనర్," అన్నాను.

"దయచేసి మళ్లీ చెప్పండి."

"క్లీనర్. 1986 నవంబరు 18 నుంచి."

"కృతజ్ఞతలు."

ఫోను పెట్టేశాక నాకు తృప్తిగా కూడా ఉంది. అడక్కుండానే తేదీ చెప్పాను కదా అని.

ఎందుకలా చెప్పానని తర్వాత చాలా ఆలోచించాను. సర్టిఫికెట్ సంగతి తెలియదన్నది సాకు మాత్రమే. పద్నాలుగేళ్లుగా ఆఫీసు ఫోనులో రిజిస్టరులో లేని మాట ఒక్కటి కూడా నా నోట రాలేదు. అది నా గొప్ప. మేనేజర్లు మారారు, అందరూ ఆ విషయానికే నన్ను మెచ్చుకున్నారు. ఆ గడిలో మాట రాసింది నేనేననీ, అది రాసేటప్పుడే నిజం కాదనీ మాత్రం మర్చిపోయాను. మన చేత్తో రాసిందే పదేళ్లు చూస్తూ ఉంటే మనకే నిజంలా కనబడుతుంది. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

మే 24న నకానో ఫాక్స్ కాగితం పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టి, నేను చదివేందుకు వీలుగా తిప్పాడు. సర్టిఫికెట్లో ఒకటుంది, కంపెనీ వాళ్లు ఇంకోటి చెప్పారు, జూన్ 15 లోపల ఆధారాలతో వివరణ రాకపోతే దరఖాస్తు మూసేస్తామని అందులో ఉంది.

"ఎవరో ఫోనులో క్లీనర్ అన్నారట," అన్నాడు.

"ఆ ఎవరో నేనే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే మంచిది," అన్నాడు. "ఎవరిని అడగాలో తెలిసింది."

శుక్రవారం మధ్యాహ్నం

సత్తిబాబుకు ఈ మాట ఇంకొకరు చెప్పకూడదనుకున్నాను. మే 30న క్యాంపుకు వెళ్లాను. మెస్సులో పెద్ద గిన్నె ముందు నిలబడి ఉన్నాడు. గంగారాం, ఇంకో అయిదారుగురు పళ్లేలు పట్టుకుని ఉన్నారు.

"సత్తిబాబూ, నీ కాగితాలు ఆగిపోయాయి. ఫోనులో నిన్ను క్లీనర్ అని చెప్పింది నేను."

గరిటె తిరుగుతూనే ఉంది. "మీరాండి?"

"నేనే. రిజిస్టరు చూసి చెప్పాను."

"మరి మీరు నా వంట తిన్నారు కదండి," అన్నాడు. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

గంగారాం ఊరుకోలేదు. "గదేంది మేడం! పదేండ్ల సంది ఈన చేతి బువ్వ తింటిరి. నోట్లె బువ్వ, రిజిస్టర్ల క్లీనరా? మరి నన్నేం రాసిండ్రు? మేస్త్రీ అనే రాసిండ్రా?"

"హెల్పర్ అని ఉంది."

"ఖలాస్! నేను కట్టిన గోడలన్ని ఎవడు కట్టిండు మల్ల, దయ్యాలు కట్టినయా?"

అందరూ నవ్వారు. సత్తిబాబు నవ్వలేదు. పళ్లెంలో అన్నం పెట్టి, పులుసు పోసి నా చేతికిచ్చాడు. "ముందు తినండి మేడమ్ గారూ. ఎండలో వచ్చారు. ఆనక చూద్దాం."

తిన్నాను. అంత కష్టంగా ఎప్పుడూ తినలేదు.

గోడౌన్లో నూట ఇరవై నెలలు

ఆధారం ఉంటే ఒకచోటే ఉండాలి. ప్రతి నెలా క్యాంపు ఫోర్‌మన్ డ్యూటీ షీటు రాసేవాడు. ఎవరు ఎన్ని రోజులు ఏ పని చేశారు, ఓవర్‌టైం ఎంత అని. జీతాలయ్యాక ఆ షీట్లు కట్టలు కట్టి మీనా సల్మాన్ గోడౌనుకు పంపేదాన్ని. అవి పారేద్దామని ఇద్దరు మేనేజర్లు అన్నారు. నేను పారెయ్యనివ్వలేదు.

జూన్ 6న గంగారాం సాయానికి వచ్చాడు. రేకుల షెడ్డు, ఫ్యాను లేదు. అట్టపెట్టెలు కింద పడేసి ఒక్కో కట్టా విప్పుతుంటే ఆ దుమ్ముకు ఇద్దరమూ ఒకటే దగ్గు.

"మేడం, ఇండ్ల పాములుంటయా?"

"నీ మాటలకే అవి పారిపోతాయి. 1989 కట్ట అందుకో."

దొరికిన ప్రతి షీటులోనూ సత్తిబాబు పేరు ఎదురుగా ఫోర్‌మన్ చేతిరాతలో "కుక్" అని ఉంది. ఫోర్‌మన్ అంతగా చదువుకున్నవాడు కాదు. మనిషిని చూసి రాశాడు. నేను వీసాను చూసి రాశాను.

మొత్తం నూట ఇరవై నెలలు కావాలి. నూట పన్నెండు దొరికాయి. 1990 ఆగస్టు నుంచి 1991 మార్చి దాకా ఎనిమిది నెలలు లేవు. మళ్లీ వెతికాం. అసలు అవి రాస్తే కదా ఉండటానికి. కువైట్ మీద దాడి జరిగాక సైటు ఆగిపోయింది, ఫోర్‌మన్ వాళ్ల దేశం వెళ్లిపోయాడు. క్యాంపులో అరవై రెండు మంది మిగిలారు. వాళ్లకు పని లేదు, కాగితం లేదు. ఆకలి మాత్రం ఉంది. సత్తిబాబు ఉన్నదాంతో వండి పెట్టాడు. కందిపప్పు అయిపోతే ఎర్రపప్పుతో, కూరలు రాకపోతే ఎండు చేపలతో. జనవరిలో యుద్ధం మొదలయ్యాక మావారు, నేను కూడా మా ఫ్లాటు వదిలి క్యాంపుకు చేరాం. సైరన్ మోగితే, విషవాయువు రాకుండా కిటికీలకు టేపు అంటించిన గదిలోకి అందరం దూరేవాళ్లం. సత్తిబాబు అందరికంటే ఆఖరున వచ్చేవాడు, పొయ్యి ఆర్పి.

నూట పన్నెండు నెలలంటే తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. ఎనిమిది నెలలు తక్కువ. ఈ ఏప్రిల్, మే కలుపుకున్నా ఇంకా ఆరు నెలలు ఆగాలి, క్యాంపుకు మిగిలింది ఇరవై నాలుగు రోజులు.

గంగారాం పెట్టె మీద కూర్చుని విప్పిన కట్టకు మళ్లీ తాడు కట్టాడు. తర్వాత, "గా ఎనిమిది నెలలు ఈన లేకుంటే మేం సస్తుంటిమి మేడం," అన్నాడు. "గది యాడ రాసుంటది?"

లేని కాగితం

అప్పటి మేనేజరు ఫిలిప్. కేరళ మనిషి, నాకంటే పన్నెండేళ్లు చిన్న. జూన్ 8న షీట్లు ఆయన ముందు పెట్టాను. మిగిలిన ఎనిమిది నెలలకు కంపెనీ స్టాంపుతో ఒక ఉత్తరం కావాలన్నాను.

"ఉన్న కాగితాలు పంపండి, నాకు అభ్యంతరం లేదు," అన్నాడు. "లేని కాగితం నేను పుట్టించను."

"పుట్టించడమేముంది? జరిగిందే కదా."

"జరిగిందే. కానీ క్లీనర్ వీసా మీద వంటవాణ్ని పెట్టామని స్టాంపు వేసి ఎలా ఒప్పుకోను? అది ఎవరి చేతిలోనైనా పడితే మిగతా డెబ్బై మంది కాగితాలూ అడుగుతారు. వాళ్లను వెనక్కి పంపితే? మీ గంగారాంతో సహా."

ఫిలిప్‌ను నేను తప్పుపట్టను. డెబ్బై మందిని ఆయన ఊరికే అడ్డం పెట్టుకోలేదు, వాళ్ల ఉద్యోగాలు ఆయన సంతకం మీద ఉన్నాయి. పైగా ఆయన అన్న మాట నేను పద్నాలుగేళ్లుగా అంటున్నదే. దాన్ని ఇంకొకరి నోట విన్నాను, అంతే.

"అయితే నా పేరు మీద రాస్తాను. స్టాంపు వద్దు. కంపెనీ పేరూ వద్దు."

"మీ మాట ఒక్కటే అవుతుంది. చెల్లదు."

"చెల్లకపోతే చెల్లదు."

ఆయన కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. "నేను చూడలేదు. రేపు పదకొండింటి దాకా ఫాక్స్ మెషీను ఖాళీయే."

ఆ సాయంత్రం నా పాత డైరీలు తీశాను. వాటిలో 1990 ఆగస్టు నుంచి ప్రతి శుక్రవారం నేను క్యాంపులో తిన్న భోజనాలు, ఆ తర్వాత 1991 జనవరి 17 నుంచి ఫిబ్రవరి 28 దాకా నలభై మూడు రోజులు, రెండు పూటలా. నాకు ప్రతిదీ రాసుకునే జబ్బుంది. ఒక పేజీ ఉత్తరం రాశాను. ఆ ఎనిమిది నెలలు క్యాంపులో ఉన్న అరవై రెండు మందిలో ఇంకా మిగిలింది పదకొండు మంది. గంగారాం వాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టి సంతకాలు పెట్టించాడు. ముగ్గురు వేలిముద్ర వేశారు. తన సంతకం తెలుగులో, ఇటుక పేర్చినట్టు, ఒక్కో అక్షరం ఆగి ఆగి పెట్టాడు. కింద "మేస్త్రీ" అని కూడా రాశాడు. వద్దనలేకపోయాను.

జూన్ 9న ఉదయం పదింటికి ఉత్తరం, నూట పన్నెండు షీట్ల నకళ్లు ఫాక్స్ చేశాను.

మళ్లీ అదే గొంతు

జూన్ 17, మంగళవారం. ఫోనులో ఆవిడే.

"మే 13న నాతో మాట్లాడింది మీరేనా?"

"నేనే."

"అప్పుడు క్లీనర్ అన్నారు. ఇప్పుడు వంటవాడని రాశారు. సంతకం కూడా మీదే. రెండింటిలో ఏది నిజం?"

రిజిస్టరు పక్కనే ఉంది. ఈసారి దాన్ని తెరవలేదు.

"రెండూ నేనే చెప్పాను," అన్నాను. "మొదటిది రిజిస్టర్లో చదివాను. రెండోది తిన్నాను."

అటు నుంచి కాగితం తిప్పిన చప్పుడు వినబడింది.

"ఏం తిన్నారు?" అంది.

డైరీ తెరిచాను. "1991 జనవరి 17, గురువారం. పగలు పప్పు, ఎండు చేపల పులుసు. రాత్రి ఉప్మా, ఎందుకంటే గ్యాసు తక్కువగా ఉంది. 18, శుక్రవారం. చింతకాయ పచ్చడి, అన్నం. కూర లేదు. రెండుసార్లు సైరను. 19..." నాకు తెలిసిన ఇంగ్లీషులో పులుసు అంటే ఏమిటో, ఎండు చేపలు ఎలా కడుగుతారో కూడా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ మధ్యలో ఆపి స్పెల్లింగు అడిగి రాసుకుంది. నలభై మూడు రోజుల్లో పద్నాలుగు రోజులు చదివాక, "చాలు," అంది. తర్వాత మెల్లగా, "ఇంత పులుపు నేను తినలేననుకుంటాను," అంది. ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాం.

అనుమతి వచ్చిందన్న కాగితం జూన్ 28న నకానో తెచ్చాడు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సత్తిబాబు సెప్టెంబరులో నగోయా చేరాడు. మరుసటి జనవరిలో ఉత్తరం రాశాడు. తొంభై ఆరు మాటలూ చాలడం లేదని, అన్నింటికంటే ఎక్కువ వాడేది మొదటిదేనని, అది అన్నప్పుడల్లా హోటలాయన స్వయంగా లేచి వచ్చి చూపిస్తున్నాడని. కష్టంగా ఉందని కూడా రాశాడు. చలి, ఒంటరితనం, పెరుగు తీపి. అవి దాచకుండా రాసినందుకు నాకు సంతోషం వేసింది.

నాకు బాగా గుర్తున్నది మాత్రం జూలై 2. బహ్రెయిన్ వదిలి ఇండియాకు వెళ్లేముందు మా దగ్గర ఉంచిన పాస్‌పోర్టు తీసుకోవడానికి సత్తిబాబు, అతన్ని సాగనంపడానికి గంగారాం ఆఫీసుకు వచ్చారు. సత్తిబాబు సంతకం చేసి పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని కూడా కదల్లేదు.

"ఆ రిజిస్టరు ఒకసారి చూపిత్తారా మేడమ్ గారూ?"

214 పేజీ తీశాను. వీసాలో క్లీనర్ అనే ఉంది కాబట్టి ఆ మాట కొట్టెయ్యలేదు. దాని పక్కన స్కేలుతో గీత గీసి కొత్త గడి చేశాను. పైన "చేసే పని" అని రాశాను. పదిన్నరేళ్ల కిందట ఫారం మీద పెట్టినట్టే సత్తిబాబు దాని మీద వేలు పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. కుక్. 1-4-1987 నుంచి.

"సరిగ్గా ఉందా?" అన్నాను.

"ఉందండి. ఆయ్."

గంగారాం అతని భుజం మీదుగా తొంగి చూశాడు. "మేడం, గా కొత్త గడి ఈన ఒక్కనికేనా?"

నేను స్కేలు తీసుకుని పేజీలు తిప్పాను. ఫైలు నంబరు 231, హెల్పర్. గంగారాం నా పక్కన నిలబడి గీత తిన్నగా వస్తోందా లేదా అని చూస్తున్నాడు.